ఎవరి అలసట?

ఉద్యోగి అలసిపోకుండా అతని ఇంటి చాకిరీ కంపెనీయే చేయించిపెడుతుందట. ఇల్లు ఊడ్చి తుడవడానికీ, అంట్లు తోమడానికీ కంపెనీ ఖర్చుతో మనిషి వస్తుంది. దానికి వెల్‌నెస్ అని పేరు. బాగానే ఉంది. అలసట ఎవరికొస్తే జబ్బు, ఎవరికొస్తే రాత?

ఇదేదో కొత్త సంగతి అనుకుంటున్నారు. అమెరికాలో ఎవర్‌నోట్ అనే కంపెనీ 2012 నాటికే ఉద్యోగుల ఇళ్లు నెలకు రెండుసార్లు శుభ్రం చేయించేది. మన దగ్గర అంతకు చాలా ముందునుంచే రైల్వేలో బంగళా ప్యూన్లున్నారు. చాకిరీ ఆఫీసరు ఇంట్లో, జీతం సర్కారుది. 2020 ఆగస్టులో రైల్వే బోర్డు కొత్తవాళ్లను వేయొద్దంది. అది వెట్టిలాంటిదే, కాదనను. కానీ ఆ బంగళాలో కొన్నేళ్లు ఓర్చుకుంటే రైల్వేలో పర్మినెంటు కొలువు దొరికేది. ఇవాళ ఫోన్లో పిలిస్తే వచ్చే పిల్లకు ఆ ఆశ కూడా లేదు.

గుండుగొలనులో మా అమ్మ చీకటితోనే లేచి కామందు దొడ్డికి పోయేది. పేడ ఎత్తి, సావిడి ఊడ్చి, కళ్లాపి జల్లి, పెరట్లో పడేసిన గిన్నెలు తోమేది. ఆ గిన్నెల మీద వాళ్లు మళ్లీ నీళ్లు జల్లుకుని లోపలికి పట్టుకుపోయేవోళ్లు. అమ్మ చెయ్యి కావాలి, అమ్మ గడప దాటకూడదు. ఆ తరవాత ఊడ్పులకో కోతలకో పోయేది. మా ఇంటికి చీపురు ఎప్పుడూ కిరసనాయిలు బుడ్డి వెలుగులోనే తగిలేది. "నడుం పట్టేసిందే" అంటే ఆముదం రాసేదాన్ని. అమ్మకి అందిన వైద్యం అదే.

ఫ్యాక్టరీ పనిని వారానికి 54 గంటల నుంచి 48కి తగ్గించే బిల్లును 1946లో లేబర్ మెంబరుగా అంబేద్కర్ ప్రవేశపెట్టాడు. ఆ లెక్క ఫ్యాక్టరీ గేటు దాటి దొడ్లోకి రాలేదు. ఇంటి పనివాళ్ల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఒడంబడిక తెస్తే మన దేశం చెయ్యెత్తింది గానీ దాన్ని ఇంకా ఆమోదించలేదు.

నా మేనకోడలికి హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం. వాళ్ల కంపెనీ ఈ సౌకర్యం ఇస్తానంటే, "మామ్మ చేసిన పనే కదత్తా, ఇంకోళ్లచేత ఎలా చేయించుకోను?" అని మథనపడింది. తీసుకోమనే చెప్పాను. పది గంటలు ఆఫీసులో ఉండొచ్చిన ఆడపిల్ల మళ్లీ చీపురు పట్టి పాపం కడుక్కోవాలనే ధర్మం నాకక్కర్లేదు. దాని తమ్ముడికి ఈ మథన ఎప్పుడూ రాలేదు, అది వేరే సంగతి. నువ్వు వద్దంటే ఆ మనిషికి ఒక ఇల్లు తగ్గుతుంది, అంతే. తీసుకో, తీసుకుని అడుగు. ఆమెకు నెలకెంత ఇస్తున్నారు? జొరమొస్తే సెలవుందా? ఆమె నడుం నొప్పి మీ వెల్‌నెస్ లెక్కలోకి వస్తుందా?

అడిగింది. ఆమె మా ఉద్యోగి కాదు, కాంట్రాక్టరు మనిషి అన్నారట. అయితే ఆ కాంట్రాక్టు కాగితం చూపించమని నలుగురైదుగురు కలిసి రాయండన్నాను. ముగ్గురు సంతకం పెట్టారు.