విషం పోయింది, పని పెరిగింది

సేంద్రియ పత్తి గురించి రాసేవాళ్లు నేల గురించి రాస్తారు, వానపాముల గురించి రాస్తారు, తగ్గిన పెట్టుబడి గురించి రాస్తారు. కషాయం ఎవరు చేశారో రాయరు. నన్ను తొలిచే ప్రశ్న ఇదే. ఒక హింసను ఆపడానికి ఇంకొకరి శ్రమను అడగకుండా తీసుకుంటే, అది హింస లేని పంటవుతుందా?

ఎకరానికి ఒక్కసారి కొట్టాలంటే 5 కిలోల వేపగింజల పొడి కావాలి. దాన్ని గుడ్డలో మూటకట్టి 10 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే పిండి, వడకట్టి, 100 లీటర్లు చేసి కాస్త సబ్బునీళ్లు కలపాలి. దుకాణానికెళ్లి డబ్బా కొనుక్కొచ్చేది మగవాళ్లు. పళ్లు ఏరడం, గుజ్జు కడగడం, నీడన ఆరబెట్టడం, దంచడం మాత్రం పచ్చళ్ల పనిలాగా, పిడకల పనిలాగా ఆడవాళ్ల మీద పడతాయి. పైగా తెలంగాణలో వేపపళ్లు రాలే రోజులూ, తొలకరికి పత్తిగింజలు పెట్టే రోజులూ దాదాపు ఒకటే. గింజలు పెట్టేదీ ఎక్కువగా ఆడవాళ్లే. కలుపుమందు కొట్టకూడదు కాబట్టి కలుపూ వాళ్లదే.

అలాగని పాత దారే మేలని అనలేను. 1997-98లో వరంగల్ జిల్లా పత్తిరైతుల ఆత్మహత్యల తర్వాత, ఇంట్లో పురుగుమందు డబ్బా ఉండడమంటే ఏమిటో ఆడవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల 2004లో పురుగుమందుల్లేని ఊరుగా ప్రకటించుకుంది. మగవాళ్లను ఒప్పించడంలో అక్కడి మహిళా సంఘాలే ముందున్నాయి. తెలిసే ఎంచుకున్నారు కదా, ఇంకేం బాధ అంటారు కొందరు. మొగుడి ప్రాణమా, నీ నడుమా అని అడిగితే ఎవరైనా ప్రాణమే అంటారు. దాన్ని ఎంపిక అనడానికి నాకు నోరు రాదు.

ఇక సర్టిఫికెట్. విత్తనం బీటీ కాదు కదా, వేసిన ఎరువేమిటి, గట్టు పక్క చేలో ఏం కొట్టారు, అన్నీ రాసుకుంటారు. రైతు పేరు దగ్గరికొచ్చేసరికి చాలాసార్లు పట్టాదారు పేరే. పట్టా ఎవరి పేర ఉంటుందో మనకు తెలియందా! పత్తికి నాలుగు రూపాయలు ఎక్కువొచ్చినా ఆ పేరు మీదే వస్తాయి.

2005 తర్వాత మహిళా సంఘాల ద్వారా నడిచిన పురుగుమందుల్లేని సేద్యంలో, కొన్ని ఊళ్లలో కషాయాలు చేసి అమ్మే దుకాణాలు పెట్టారు. అక్కడ ఆ పనికి వెల కట్టారు. అదే కషాయం ఇంట్లో తయారైతే ఖర్చుల పుస్తకంలో సున్నా. సేంద్రియంలో లాభమెంతో చెప్పేముందు ఆ గంటలకు కూలి కట్టి చూడమంటాను. కూలి ఇవ్వలేమంటే, గింజలు దంచడం మగవాళ్లకు నేర్పడానికి ఏ శిక్షణా శిబిరమూ అక్కర్లేదు.