నిలిచిన తీరము, నడచెడి ఇసుక

ప్రవాహము వేగముగా పోవునంతవరకు భారమును మోయును; వేగము తగ్గినచోట దానిని దింపును. లంకలును, దిబ్బలును, సముద్రతీరములును ఏర్పడుటలోని కీలకమిదియే. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములోనిదే యగు యానాం నిలిచిన నేల గౌతమీ గోదావరి తెచ్చిపోసినది. ఎక్కడి కొండల రాయియో అరిగి, కరిగి, సముద్రము నెదుట నది నెమ్మదించినపుడు మేటవేసి పంటభూమియైనది. గాలియు నట్లే చేయును. భీమునిపట్టణము చేరువనున్న ఎర్రమట్టి దిబ్బలలో తీరము నుండి గాలి ఎత్తికొనివచ్చిన ఇసుక కలదు. అందలి ఇనుము వేల సంవత్సరములలో తుప్పుపట్టి దానికి ఎరుపు వచ్చినది.

ఇట్లేర్పడినది ఎల్లకాలము నిలుచునని తలంపరాదు. నటేశన్ నగర్ వంటి పేటల నుండి సాయంకాలము తూర్పునకు, సముద్రపు గాలికై పోవువారు చూచెడి ఇసుక అచ్చటనే పుట్టినది కాదు. అచ్చటనే ఉండిపోవునదియు కాదు. అలలు ఏటవాలుగా తాకుటచే ఇసుక ఒడ్డు వెంబడి నడచుచుండును. నైరుతి ఋతుపవనకాలమున ఉత్తరమునకును, ఈశాన్య ఋతుపవనకాలమున దక్షిణమునకును పోవును. మొత్తముమీద ఉత్తరమునకు పోవునదే అధికము. పోయినంత వచ్చుచున్నందున తీరము కదలనట్లు కనబడును.

1980ల చివర నగరమునకు దక్షిణమున రేవుకై సముద్రములోనికి అడ్డుకట్టలు కట్టిరి. వానికి దక్షిణమున ఇసుక పేరుకొనెను; నగరతీరమునకు రావలసినది రాదయ్యెను. పోవుట మాత్రము ఆగలేదు. క్రమముగా ఇసుకతిన్నె మాయమై, బండరాళ్ల గోడయే దిక్కయ్యెను. బండలు రహదారిని కాచినవి. గుప్పెడు ఇసుకనైనను తేలేకపోయినవి. కోత ఉత్తరమున నున్న మత్స్యకారుల పల్లెలకు ప్రాకెను. 2018లో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ రూపకల్పనచే నీట మునిగియుండు కట్టడము నొకదానిని నిలిపి, అలల వేగమును తగ్గించిన పిదపనే అచ్చట ఇసుక మరల మేటవేసెను.

మన శీలమును ఇట్టిదే. నిన్నటి జపము, నిన్నటి దానము, నిన్నటి ఓర్పు మనయందు మేటవేసినవి. వాని బలిమిచే నేడు నిలిచియున్నాము. “ఇంత సాధించితిని, ఇక చాలు” అని నిత్యాభ్యాసమును మానినవాని యందు వచ్చుట ఆగును. లోకవ్యవహారముల ఒరపిడిచే పోవుట ఆగదు. కొంతకాలము ఏమియు తెలియదు. ఒకనాడు చిన్నమాటకే కోపము పొంగి, తిన్నె కరగినదని తెలియును. అప్పుడు బలవంతపు నిగ్రహమను బండలు పేర్చుకొందుము. అవియు కొంత కాచును, కాని ఒక్క సద్గుణమునైనను పెంపజాలవు. పైగా అణచిన కోపము ఇంటిలోని బలహీనులపై పడును.

కావున, సోదరులారా, చిత్తవేగమును దినమునకు ఒక్క గడియయైనను తగ్గింపుడు. శాంతించిన చోటనే మంచి దిగును. అడ్డుపడినది ఆలస్యమో అహంకారమో కనుగొని తొలగింపుడు. రేణువు చిన్నదని చులకన చేయకుడు, తీరమంతయు రేణువులే.