వంతు

యాప్ స్టోరులో 'రొయ్యల మేత లెక్క' అని కొడితే మొట్టమొదట వచ్చేది ప్రకటన. దాని కింద రొయ్యల ఇగురు నేర్పే వంటల యాప్, ఆ తర్వాత అక్వేరియంలో చేపలు పెంచే ఆట, ఆపైన నాలుగైదు పెద్ద కంపెనీలవి. కిందికి జరుపుకుంటూ పోగా పోగా, ఓపికున్నవాళ్లకి నాది తగులుతుంది. యాప్ పేరు పూర్తిగా కొడితే వెంటనే వస్తుంది, కాదనను. పేరు తెలిసినవాడికి ఇక వెతుక్కునే పనేముంది?

నా యాప్ చేసే పని చిన్నది. ఏ పూట ఎన్ని కిలోల మేత వేశారు, చెక్ ట్రే పైకి లాగితే ఎంత మిగిలింది, వల విసిరి తూచితే కిలోకి కౌంటు ఎంత వచ్చింది, ఇవి ఎక్కించుకుంటూ పోతే, వేసిన మేతకి తగ్గట్టు రొయ్య ఎదుగుతోందో లేదో చెబుతుంది. మా ఊరు ఉండి చుట్టుపక్కల ఈ లెక్కంతా చెరువు గట్టు మీద షెడ్డులో మేకుకి వేలాడే నోటు పుస్తకంలో ఉంటుంది. సగం పేజీలు చేతి తడికి అతుక్కుపోయి ఉంటాయి. వెనామీ రొయ్యల సాగు ఖర్చులో సగం పైన మేతకే పోతుంది గనక, ఆ అతుక్కుపోయిన పేజీల ఖరీదు తక్కువేమీ కాదు.

వరుస పెట్టడమే తప్పని నేననను. 2008 జులైలో యాపిల్ స్టోరు తెరిచిన రోజున అందులో ఉన్నవి 500 యాప్‌లు. కాస్త తీరిక చేసుకుంటే అన్నీ తిరగేయొచ్చు. ఇప్పుడు లక్షలు. ఏదో ఒక వరుస ఉండాల్సిందే. డౌన్‌లోడ్లు, రేటింగులు, దించుకున్నవాళ్లు ఎన్నాళ్లు ఉంచుకున్నారు, ఇలాంటివి చూసి పెడతారు. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు. కనబడితే దించుకుంటారు, దించుకుంటే కనబడుతుంది. పైగా మా రైతులకి ఇంకో అలవాటు. పట్టుబడి అయిపోగానే యాప్ తీసేస్తారు. ఫోన్లో మనవడి వీడియోలకి చోటు కావాలి మరి. మళ్లీ సీడు వదిలాక దించుకుంటారు. పంట అయిందని స్టోరుకేం తెలుసు? జనం విసుగెత్తి వెళ్లిపోయారని రాసుకుంటుంది.

పేర్ల తంటా సరేసరి. గూగుల్ ప్లేలో యాప్ పేరు 30 అక్షరాలు దాటకూడదు. కంటికి మూడక్షరాలుగా కనిపించే 'రొయ్యల' యూనికోడ్ లెక్కలో ఆరు. గుణింతానికొకటి, పొల్లుకొకటి. అంత కష్టపడి తెలుగులో పెడితే, వెతికేవాళ్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు కొడతారు.

ఇదంతా విని, యాప్‌ని ఊరు చూసుకుంటుంది, స్టోరు గొడవ నీకెందుకు అన్నవాళ్లున్నారు. నాకూ మొదట్లో అదే ధీమా. ఇక్కడ ఏ మందు పనిచేసింది, ఏ హేచరీ సీడు నిలబడింది అన్నది గట్టు మీద నుంచి గట్టు మీదకి సాయంత్రానికల్లా పాకిపోతుంది. ఆ మాటలన్నీ కలిసే చోటు మేత కొట్టు. అక్కడ యాప్ గురించి ఒక కాగితం అంటించమని అడిగాను. వరసకి బాబాయ్ అయ్యే కొట్టాయన నా ఫోను తీసుకుని రెండు చెరువుల లెక్కలు శ్రద్ధగా చూసి, నవ్వాడు. "మేత తగ్గించమని చెప్పే యంత్రాన్ని మేత కొట్లోనే పెట్టమంటావేంట్రా?"

ఆయన మాటలో దాపరికం లేదు. రైతు పట్టుకెళ్లే మేత చాలావరకు అప్పు మీదే, చెల్లింపు పట్టుబడి నాడు. బాకీ ఉన్న కౌలు రైతు ఆ కొట్లో ఏది వింటాడో, ఏది అడగడో నాకిప్పుడు తెలుసు. అంటే నోటిమాటకీ ఒక వరుస ఉంది, దాని పైవరుసనీ ఎవరో కొనేసుకున్నారు. నా యాప్ నిజంగా కావలసిన మనిషి ఆ కౌలు రైతే. అర్ధరాత్రి ఏరియేటర్ల చప్పుడులో ఒక్కడే కూర్చుని, ఎవర్నీ అడగలేక, ఫోన్లో వెతికేది కూడా అతనే. అందుకే ఊరుంది కదా అని స్టోరు సంగతి వదిలేయలేకపోతున్నాను.

వరుసని కొందరు పల్లం అనుకుంటారు, నీళ్లు అటే పోతాయి, ఎవరేం చేస్తారు అని. పల్లం సంగతి మాకు బాగా తెలుసు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక పశ్చిమ డెల్టా అంతా కాలువలే, ఉండి కాలువ వాటిలో ఒకటి. నీటిని దాని మానాన వదిలేస్తే ఎగువవాళ్ల చేలు మునుగుతాయి, శివారు చేలు ఎండుతాయి. (ఇప్పుడు శివారుకి చేరేది నీళ్లా, ఎగువ చెరువుల మురుగా అన్నది వేరే పంచాయితీ.) అందుకే దాళ్వా పంట కాలంలో గోదావరి తగ్గితే వంతులు పెడతారు. ఈ రోజులు వీళ్లకి, ఆ రోజులు వాళ్లకి. తూముల దగ్గర లస్కర్లు, 1997 చట్టం తర్వాత నీటి సంఘాలు. వంతు ఎప్పుడూ సవ్యంగా సాగిందని కాదు, రాత్రిపూట తలుపులెత్తేసినవాళ్లూ ఉన్నారు. అయినా శివారు రైతుకి కనీసం నా వంతేదని నిలదీసే నోరుంది.

స్టోరు వరుసలోనూ తలుపులెత్తే చేతులున్నాయి. యాపిల్ స్టోరులో చాలా మాటలకి వెతికితే యాపిల్ సొంత యాప్‌లే పైన వచ్చేవని 2019 సెప్టెంబరులో న్యూయార్క్ టైమ్స్ రాసింది. అప్పటికి రెండు నెలల ముందే కంపెనీ లెక్క మార్చి వాటిని కిందికి దించింది. ఒక సర్దుబాటుతో దిగినవి పల్లం వల్ల పైకి చేరాయంటే నేను నమ్మను. సొంత సరుకుని వరుసలో ముందు పెట్టుకోకూడదని ఐరోపా సమాఖ్య చట్టమే చేసి, 2024 మార్చి నుంచి పెద్ద కంపెనీల చేత పాటింపజేస్తోంది. శివారువాళ్లకి వంతు ఇమ్మని మాత్రం అందులోనూ లేదు.

వంతు అనగానే వచ్చే అభ్యంతరం నాకూ తెలుసు. అందరికీ వంతిస్తే రైతు ఫోన్లోకి ముందుగా దూరేది లోన్ యాపే. నిజమే, వడపోత ఉండాలి. నేనడిగేది మొదటి స్థానమూ కాదు. కొత్త యాప్‌ని ఒక పంటకాలం పాటు, ఉండి, ఆకివీడు, కైకలూరు వైపు వెతికేవాళ్లకి మాత్రం, మొదటి పదిలో ఎక్కడో ఒకచోట చూపించి, జనం వద్దంటే తీసేయమనండి. ఒక్క చుక్క రేటింగు ఇచ్చి తిట్టిపోసినా సరే. ఏం బాగాలేదో తెలుస్తుంది, దిద్దుకుంటాను.