పల్లె విడుచువాడు

పల్లె విడిచి పట్నమునకు పోవువానిని చూచి, ‘ఆశ వానిని లాగికొనిపోయినది’ అనుట లోకమునకు అలవాటు. ఆ మాట సగమే సత్యము. 1966లో మన ప్రభుత్వము మెక్సికోనుండి 18,000 టన్నుల గోధుమ విత్తనములను తెప్పించినది. పంజాబు పొలములలో దిగుబడి పెరిగినది. దేశమునకు కరవుభయము తగ్గినది. వరినాట్లకు బీహారు కూలీలు అక్కడికి పోయిరి. కోతయంత్రములు వచ్చిన పిదప కోతకూలీకి పని తగ్గినది. ఒకే మార్పు ఒకనిని పొలమునకు పిలిచినది, మరియొకనిని పొలమునుండి పంపినది. 1951లో నూటికి 17 మంది నగరవాసులు. 2011 నాటికి 31 మంది.

2020 మార్చిలో, కోవిడ్ వ్యాధి కారణముగా దేశమంతట రాకపోకలు నిలిచినప్పుడు, అసంఖ్యాకులైన శ్రామికులు కాలినడకను స్వగ్రామములకు మరలిరి. వారి శ్రమను గైకొన్న నగరము వారిని తనవారనలేదు. వారిని పంపిన పొలము వారికొరకు పనిని దాచియుంచలేదు.

యంత్రమును నిందించుట న్యాయము కాదు. ఎండలో నడుము వంచి కోయుట ఎవరికిని వరము కాదు. ప్రశ్న వేరు: యంత్రము మిగిల్చిన లాభములో, పని కోల్పోయినవానికి భాగము కలదా? కలదేని వాని ప్రయాణము స్వేచ్ఛ. లేదేని అది బహిష్కారమే. ధాన్యరాశిని కొలుచువారు ఈ లెక్కను కూడ వ్రాయవలెను.