వంగని బొటనవేలు, సజ్దా

కాలి బొటనవేలి మొదట్లో ఉన్న కీలులో మృదులాస్థి పూర్తిగా అరిగిపోయి, అడుగు వేసినప్పుడల్లా ఎముకకు ఎముక రాసుకుంటుంటే, డాక్టర్లు చివరికి ఆ కీలును శాశ్వతంగా అతికించేస్తారు. మిగిలిన మృదులాస్థిని గీకేసి, రెండు ఎముకల కొసలను చేర్చి, ప్లేటుతోనో స్క్రూలతోనో బిగిస్తారు. ఎముక అతుక్కోవడానికి సాధారణంగా 6 నుంచి 12 వారాలు పడుతుంది. వాపు పూర్తిగా తగ్గడానికి నెలలు పడుతుంది. నొప్పితోపాటు కదలికా పోతుంది. మామూలు బొటనవేలు పైకి దాదాపు 70 డిగ్రీల దాకా వంగితే, అతికించిన వేలు నేల నుంచి 10, 15 డిగ్రీలు లేచి అలాగే ఉండిపోతుంది. నడకకు అది చాలు. నమాజుకు చాలుతుందా అన్నది ధర్మశాస్త్రం తేల్చవలసిన ప్రశ్న.

కువైట్‌లోని ఫర్వానియా గవర్నరేట్‌లో ఉన్న అర్దియా లాంటి చోట ఇది పుస్తకాల్లో మిగిలిపోయే ప్రశ్న కాదు. కడప, రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్ వెళ్లినవాళ్లలో ఇంటిపనివాళ్లు, డ్రైవర్లు, మెకానిక్కులు ఎక్కువ. షెడ్డులో చక్రం పక్కన గొంతుక్కూర్చున్నప్పుడు, మేడమెట్లు ఎక్కేటప్పుడు, మోకాళ్ల మీద నేల తుడిచేటప్పుడు మడతపడేది ఈ కీలే. సజ్దాలో, అంటే నమాజులో నుదురు నేలకు ఆనించే భంగిమలో, మడతపడేదీ ఇదే.

ప్రవక్త సహచరుడు ఇబ్నె అబ్బాస్ ద్వారా వచ్చిన హదీసు (ప్రవక్త మాట) ప్రకారం సజ్దాలో ఏడు అంగాలు నేలను తాకాలి. ముక్కుతో కలిపి నుదురు ఒకటి, చేతులు రెండు, మోకాళ్లు రెండు, పాదాల కొసలు రెండు. ఈ ఏడింటిలో ఏది ఎంత తప్పనిసరి అన్న దగ్గర మజ్‌హబులు, అంటే ధర్మశాస్త్ర సంప్రదాయాలు, విడిపోతాయి. మాలికీలకు నుదురే విధి, తక్కినవి సున్నత్, అంటే విధి కాని ప్రవక్త ఆచారం. హంబలీలకు ఏడూ విధే. షాఫియీలు రెండు పాదాల వేళ్ల అడుగుభాగం కొంతైనా నేలకు ఆనాలంటారు. హనఫీలకు కనీసం ఒక వేలైనా ఆనితే సజ్దా చెల్లుతుంది. వేళ్లను ఖిబ్లా (మక్కా దిక్కు) వైపు మడవడం సున్నత్. షియాల జాఫరీ సంప్రదాయం మాత్రం సూటిగా బొటనవేళ్ల కొసలనే పేర్కొంటుంది. తెలుగు ముస్లింలు ఎక్కువగా హనఫీలు. కువైట్‌లో మాలికీ సంప్రదాయానికి పాత పట్టు ఉంది, షియాలూ గణనీయంగానే ఉన్నారు. అంటే ఒకే బొటనవేలికి ఒకే ఊళ్లో మూడు నాలుగు తీర్పులు దొరుకుతాయి.

ఆపరేషన్ తర్వాత మొదటి వారాల్లో ఎదురయ్యేది వుజూ, అంటే నమాజుకు ముందు చేసే అంగశుద్ధి. కట్టు ఉన్న పాదాన్ని కడగలేరు కాబట్టి తడి చేత్తో కట్టు మీద తుడిస్తే సరిపోతుంది. తోలు మేజోళ్ల మీద తుడుపుకు స్థానికుడికి ఒక పగలూ రాత్రీ, ప్రయాణికుడికి మూడు అని గడువుంది. గాయపు కట్టుకు ఆ గడువు లేదు, గాయం మానేవరకూ చెల్లుతుంది. షాఫియీలు ఇంకాస్త కఠినం. కట్టు శుద్ధిగా ఉన్నప్పుడే కట్టి ఉండాలనీ, తుడుపుతోపాటు తయమ్ముమ్ (నీటికి బదులు మట్టితో శుద్ధి) కూడా చేయాలనీ అంటారు. ఆపరేషన్ బల్ల మీద స్పృహలేని రోగికి వుజూ ఎక్కడిదని అడిగితే, షాఫియీ గ్రంథాల్లో దానికీ జవాబుంది: ఇప్పుడు చదువుకో, మానాక తిరిగి చదువుకో.

అసలు చిక్కు కుర్చీ దగ్గర. మసీదులో వెనక వరసన కుర్చీలు ఉంటాయి. కాలికి కట్టు ఉన్నవాడు నేరుగా వెళ్లి కుర్చీలో కూర్చోవడం మామూలైపోయింది. శాస్త్రం అంత తేలిగ్గా ఒప్పుకోదు. వేలు నేలకు ఆనించలేకపోతే పోయేది ఆ వేలి విధి మాత్రమే. పాదాన్ని పక్కకు వాల్చి నుదురు నేలకు ఆనించగలిగితే సజ్దా మిగిలే ఉంటుంది. అయితే నేల మీదకు దిగి, మళ్లీ లేచేటప్పుడు బరువు పాదం ముందుభాగం మీద పడుతుంది. అతుకుతున్న ఎముక కదిలిపోయే ప్రమాదం ఉంది. కుర్చీకి అసలు సమర్థన ఈ భయమే కాని నొప్పి ఒక్కటే కాదు. నమ్మకమైన వైద్యుడి మాట ఇక్కడ ప్రమాణం.

కుర్చీలో కూర్చున్నవాడు నిలబడగలడు కదా, నిలబడాలా? సహచరుడు ఇమ్రాన్ బిన్ హుసైన్‌కు ప్రవక్త చెప్పిన మాట అందరికీ ఆధారమే: నిలబడి, కుదరకపోతే కూర్చుని, అదీ కుదరకపోతే పక్కకు పడుకుని నమాజు చేయాలి. కాని హనఫీ పండితుల ప్రధాన అభిప్రాయంలో సజ్దా చేయలేనివాడికి నిలబడే విధి కూడా పోతుంది. ఖియామ్ (నిలబడటం) సజ్దాకు దారి మాత్రమే, గమ్యం అందనప్పుడు దారి విధి కాదు. తక్కిన మూడు మజ్‌హబులు, హనఫీల్లోనే జుఫర్ అనే పండితుడు, దీన్ని ఒప్పుకోరు. నిలబడటం దానంతట అదే ఒక బాకీ, మరో బాకీ తీర్చలేనంత మాత్రాన ఇది రద్దు కాదు. సాధ్యం కానిదాన్ని సాకుగా చూపి సాధ్యమైనదాన్ని వదలకూడదన్న సూత్రం 1505లో మరణించిన సుయూతీ గ్రంథంలో కనిపిస్తుంది. ఆరాధన ఒకే శిఖరం వైపు ఎక్కే ఆరోహణా, లేక విడివిడి విధుల మొత్తమా అన్న తాత్విక తగువు ఇది. హనఫీల వాదనలో అందం ఉంది. మడమ మీద చక్కగా నిలబడగలిగే ఈ రోగి విషయంలో మాత్రం రెండో పక్షమే బలంగా తోస్తుంది. హనఫీలూ అతడు నిలబడితే తప్పనరు.

దేహం ఇంకా తగ్గిపోతే ఏమవుతుందన్న దగ్గర తేడా మరీ స్పష్టం. తల కూడా కదపలేనివాడు కళ్లతో, అదీ కాకపోతే మనసుతో చేయాలని షాఫియీలు అంటారు. హనఫీలకు కంటి సైగ చాలదు. నమాజు వాయిదా పడుతుంది. శైవ సంప్రదాయంలో మానసపూజకు ఉన్న స్థానంతో పోల్చితే ఇది విడ్డూరంగా కనిపిస్తుంది. అక్కడ పూవూ నీరూ లేకుండా మనసులో చేసే పూజ రాజీ కాదు, కొందరి దృష్టిలో పైమెట్టు. సాష్టాంగ నమస్కారంలో కూడా ఎనిమిది అంగాల లెక్కలో మనసూ వాక్కూ చేరతాయి. నమాజులో సంకల్పం లేనిదే ఏదీ చెల్లదు, కాని సంకల్పం దేహానికి బదులుగా నిలబడదు.

వెసులుబాటు అవసరం ఉన్నంతవరకే. ఉస్మానీల పౌర న్యాయ సంహిత మజల్లాలో 22వ అధికరణ ఈ సూత్రమే. 1980 నాటి సివిల్ కోడ్ వచ్చేదాకా కువైట్ కోర్టుల్లో నడిచిందీ ఆ మజల్లాయే. కట్టు విప్పి గాయం మానిన రోజున తుడుపు పోయి కడగడం తిరిగి వస్తుంది. ఎముక అతికిందని ఎక్స్‌రే చూసి డాక్టరు బరువు మోపనిస్తే కుర్చీ పోయి సజ్దా తిరిగి వస్తుంది. అతికించిన వేలి కొస నేలను తాకగలదు కాబట్టి ఏడో అంగం లెక్క సరిపోతుంది, మడత మాత్రం ఉండదు. ఆ మడతతోపాటు తిరిగి రానిది మరొకటి: కూర్చున్నప్పుడు కుడిపాదాన్ని నిలబెట్టి వేళ్లు ఖిబ్లా వైపు మడిచే హనఫీ పురుషుల పద్ధతి. ఆ పద్ధతి సున్నతే కాబట్టి నమాజుకు భంగం లేదు. హనఫీ స్త్రీలు మొదటి నుంచీ రెండు పాదాలూ కుడివైపుకు తీసి నేల మీద కూర్చుంటారు. వాళ్ల బొటనవేలికి ఈ మార్పు కూడా అక్కర్లేదు.