విధియు విద్యార్థియు

ఏటేట ఇంటర్మీడియేటు పరీక్షాఫలితములు వెలువడిన వెంటనే తెలుగునాట ఇంటింటను రెండు మాటలు వినబడుచుండును. మంచి మార్కులు వచ్చినవాని యింట ‘వాడు కష్టపడి చదివినాడు’ అందురు. రానివాని యింట ‘వాని నుదుటి వ్రాత అట్లున్నది’ అందురు. ఫలము తీయనిదైనచో పురుషకారము, చేదైనచో విధి! ఒకే తరగతిలో, ఒకే ఉపాధ్యాయునియొద్ద, ఒకే పుస్తకమును చదివిన ఇరువురిలో బ్రహ్మదేవుడు ఒకని నుదుట మాత్రమే వ్రాసి రెండవవానిని మరచెనని నమ్ముట కష్టము. కావున ఈ మాటలలో నేదియో లోపమున్నది. దానిని విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

ఈ విచారమునకు డిగ్రీ చదువు ఎన్నుకొను సమయమంత తగినది మఱియొకటి లేదు. పదునెనిమిదేండ్లు నిండియు నిండని బాలుడు, తానెన్నడును చూడని కళాశాలలలో నొకదానిని, తాను పేరు మాత్రమే వినిన శాస్త్రములలో నొకదానిని, కొలది దినముల గడువులో కోరుకొనవలయును. ఆ కోరికతో అతని మూడేండ్లును, తరువాతి జీవితములో పెద్దభాగమును ముడిపడియుండును. బి.ఏ.యా, బి.కాం.యా, బి.ఎస్‌సి.యా యని అతడు తడబడుచుండగా పెద్దలు వచ్చి ‘ఏది వ్రాసియున్నదో అదే వచ్చును’ అని ఊరడింతురు. ఈ యూరడింపు పిల్లలకు మేలు చేయుచున్నదా, కీడు చేయుచున్నదా? పిల్లలకు చదువు చెప్పి బ్రదుకువారము గనుక ఈ ప్రశ్నను తప్పించుకొన మాకు వీలులేదు.

మన పూర్వులు దీనిని తేలికగా విడిచినవారు కారు. యోగవాసిష్ఠము ముముక్షు ప్రకరణమున దైవవాదమును తీవ్రముగా ఖండించి, దైవమనబడునది పూర్వము చేసిన ప్రయత్నమే గాని వేఱొకటి కాదని వాదించినది. యాజ్ఞవల్క్యస్మృతి రథచక్రముల ఉపమానముచే దైవ పురుషకారములు రెండును కావలయునని తెలిపినది. ఆంగ్లదేశమున జాన్ స్టూవర్టు మిల్లు 1843లో ప్రకటించిన తర్కశాస్త్ర గ్రంథమున, ప్రతి కార్యమునకును కారణములున్నవనుట వేఱు, మనమేమి చేసినను జరుగునదే జరుగుననుట వేఱు అని రెంటిని విడదీసినాడు. వీనియన్నింటికంటెను మా ప్రశ్నకు దగ్గరగా వచ్చినది భగవద్గీత. పదునెనిమిదవ అధ్యాయమున ఏ కార్యమునకైనను ఐదు కారణములు చెప్పబడినవి: అధిష్ఠానము, కర్త, కరణములు, నానావిధములైన చేష్టలు, ఐదవది దైవము.

ఇందు గమనింపదగిన దేమనగా, దైవము లేదని గీత చెప్పలేదు. దానిని మొదట లెక్కించనును లేదు. మనవారో ఐదవదానితో లెక్క మొదలిడి అక్కడనే ముగింతురు. మేము మా ముత్తంగి పిల్లల చదువును ఉదాహరణముగా గైకొని, ఒకటవదానినుండి లెక్కించి చూచెదము.

అధిష్ఠానమనగా భాష్యకారులు శరీరమని చెప్పిరి. మేము దానిని కొంచెము విరివిగా గ్రహించి, కర్త నిలిచియున్న చోటని చెప్పుకొందుము. హైదరాబాదునుండి ముంబయికి పోవు రహదారిపై, పటాన్‌చెరువునకు ఆవల, అవుటర్ రింగు రోడ్డు ఆ రహదారిని కలియుచోట ముత్తంగి యున్నది. తూర్పుగా పోయినచో, జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ పైరులపై పరిశోధన చేయుటకు 1972లో నెలకొల్పబడిన ఇక్రిశాట్టు; దానికావల రామచంద్రపురమున భారీ విద్యుద్యంత్రములు చేయు బి.హెచ్.ఇ.ఎల్. పడమరగా పోయినచో పాశమైలారపు కర్మాగారములు. ఇంకను ముందునకు పోయినచో 2008లో స్థాపింపబడి, ఇప్పుడు కందిలోనున్న ఐ.ఐ.టి. దేశములోని ఎన్ని పట్టణములకు ఇట్టి యిరుగుపొరుగు కలదు?

అయినను ఇచటి పిల్లవానికి ఈ ప్రాకారములు బస్సు కిటికీలోనుండి కనబడు గోడలు మాత్రమే. లోపల సజ్జగింజను సూక్ష్మదర్శినిలో చూచువారు ఏ డిగ్రీ చదివిరో, మాత్రలు చేయు కర్మాగారమున పరీక్షాగారములో కూర్చుండువానికిని, ద్వారముకడ బస్తాలు మోయువానికిని నడుమ ఎన్ని సంవత్సరముల చదువు అంతరమున్నదో వానికి ఎవ్వరును చెప్పలేదు. ఈ యజ్ఞానము బ్రహ్మవ్రాత కాదు. ఉపాధ్యాయులమైన మేము ఒక దినము తీరిక చేసికొని చెప్పినచో తొలగునట్టిది. ఆడుపిల్లల విషయమున దూరము మఱియొక గోడ. కళాశాల రెండు బస్సుల దూరముననున్నచో ‘దాని అదృష్టములో లేదు’ అనువారు నిన్నమొన్నటివఱకు పలువురుండిరి. 2023 డిసెంబరునుండి ఈ రాష్ట్రమున ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు చార్జీ లేదు. అనేక గృహములలో ‘అదృష్టము’ అనుదానిలో ఒక పాలు వట్టి బస్సు చార్జీయే యని దానివలన తేలినది.

రెండవది కర్త. డిగ్రీ కోరుకొనువాడు విద్యార్థియే గదా యని చదువరు లనవచ్చును. 2016నుండి తెలంగాణలో డిగ్రీ ప్రవేశములు అధికభాగము ‘దోస్త్’ అను ఆన్‌లైను పద్ధతిని జరుగుచున్నవి. విద్యార్థి తాను కోరు కళాశాలలను, పాఠ్యవిభాగములను వరుసగా పేర్కొనవలయును. వీనినే వెబ్ ఆప్షన్లు అందురు. పై వరుసలోనిది మార్కులకు, రిజర్వేషనుకు అందినచో దిగువదానిని చూడనే చూడరు. కావున ఆ వరుసలోనే అంతయు నున్నది. ఇంత ముఖ్యమైన వరుసను మన పిల్లలలో ఎందఱు తమంతట తాము కూర్చుచున్నారు? మేమెరిగిన యొక బాలికకు వృక్షశాస్త్రమందు ప్రీతి మెండు. దరఖాస్తు నింపుటకు తండ్రితో నెట్ సెంటరుకు పోగా, అచటి కుఱ్ఱవాడు ‘ఈ ఏడు అందరూ ఇదే పెడుతున్నరు’ అని బి.కాం. కంప్యూటర్సును మొదట పెట్టినాడు. వెనుక జనులు వేచియున్నారు; తండ్రి తలయూపినాడు; సీటు దానియందే వచ్చినది. తరువాత ఆ తండ్రి మాతో ‘ఎంత రాసిపెట్టి ఉంటె అంతే గద సారూ’ అనెను. వ్రాసిపెట్టబడిన మాట నిజమే. కాని వ్రాసినవాడు బ్రహ్మ కాడు, నెట్ సెంటరులోని కుఱ్ఱవాడు.

వాణిజ్యశాస్త్రము తక్కువదని మా యభిప్రాయము కాదు. దానిని కోరి చదివి వృద్ధిలోనికి వచ్చినవారు పెక్కండ్రు కలరు. కోరనిదానిని కోరినట్లు వ్రాయించుకొని, పిమ్మట దానికి విధియని పేరు పెట్టుటను మాత్రమే మేము ఆక్షేపించుచున్నాము. ఆ పద్ధతిలో ఒక విడత తరువాత మఱియొక విడత కలదు. రెండవ విడతలో ఆ బాలిక స్వయముగా కాగితముపై వరుస వ్రాసికొని పోయినది. కోరిన చదువే దొరకినది, కాని దూరపు కళాశాలలో. ఆమె రేపు శాస్త్రజ్ఞురాలగునో, మధ్యలో విసుగుచెందునో మేము చెప్పజాలము. ఏదైనను, ఆ మార్గము ఇప్పుడు ఆమెది.

మూడవది కరణములు, అనగా పనిముట్లు. చదువునకు భాష యొక పనిముట్టు. ఇందులకు మన చరిత్రలోనే యొక పాఠము కలదు. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధన ఉర్దూలో జరిగెను. దేశభాషలో ఉన్నతవిద్య నేర్పుట గొప్ప ప్రయత్నమే. అయినను నిజాం రాష్ట్రములో అధికసంఖ్యాకులైన తెలుగువారికి అది తల్లిభాష కాదు. తెలుగింటి బాలికకు ఉన్నతవిద్య నుదుట వ్రాయలేదని ఆనాడు అనుకొనుట సహజమే. మాడపాటి హనుమంతరావుగారును వారి మిత్రులును అట్లనుకొనలేదు. 1928లో హైదరాబాదున తెలుగు బోధనాభాషగా బాలికల పాఠశాల నారంభించిరి. ఇచటి గుర్తింపు దొరకకపోగా, మహర్షి కర్వేగారు 1916లో పూనాలో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయపు పరీక్షలకు తమ బాలికలను పంపిరి. బాలికల లలాటములు మారలేదు. వారియెదుట ఒక తలుపు తెఱువబడినది, అంతే. ఒక తరమువారు మూసియుంచిన తలుపును తరువాతి తరమువారు విధియందురు. ఒక తరమువారు తెఱచిన తలుపును తరువాతివారు అదృష్టమందురు. రెండును మనుష్యులు చేసినవే.

నాలుగవది చేష్ట. డిగ్రీ వచ్చుటతో కథ ముగియదు; ఒక్కొక్కప్పుడు కోరిన డిగ్రీ రాకపోవుటతోను ముగియదు. 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు మూడవ ప్రయత్నమున గాని మెట్రిక్యులేషను దాటలేదు. మద్రాసు వైద్యకళాశాలలో చదువునపుడు గాంధీమహాత్ముని పిలుపు నందుకొని ఖద్దరు ధరించి ఒక ఆచార్యుని కోపమునకు గుఱియైరి; తుదకు ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కినది. ఇరువురు సోదరులు కొలది దినముల వ్యవధిలో స్ప్రూ అను వ్యాధికి బలియైరి. విధియని కూర్చుండుటకు ఇంతకంటె కారణములు ఎవరికి కావలయును? ఆయన 1923లో అమెరికాకు పోయి, హార్వర్డులో చదివి, పరిశోధించి, 1940లో లెడర్లీ సంస్థలో చేరిరి. ఆయన నాయకత్వమునగల పరిశోధకులు కృత్రిమముగా తయారుచేసిన ఫోలిక్ ఆమ్లము ఆ స్ప్రూ వ్యాధికే మందైనది. సోదరుల మరణము ఆయన చేతిలోనిది కాదు. తక్కువ పట్టము ఆయన కోరినది కాదు. తరువాతి ఇరువదియైదేండ్ల పని మాత్రము ఆయనది. అట్టివారు కోటికొకరు గదా యని చదువరు లనవచ్చును. నిజమే. కోటికొకరి బుద్ధి అందఱికి రాదు. కాని మొదటి పరాజయమును తుదితీర్పుగా గొనకుండుటకు కోటికొకరి బుద్ధి అక్కఱలేదు.

ఇక ఐదవది. దైవమనునది ఏమియు లేదనువారితో మేము ఏకీభవింపము. పరీక్షనాడు జ్వరము వచ్చును. ఇంటి యజమాని అకస్మాత్తుగా మరణించును. ఎంత చదివినను కొందఱికి కొన్ని శాస్త్రములు పట్టుబడవు. సమస్తమును నీ చేతిలోనే యున్నదని పిల్లలకు చెప్పుటయు నొక క్రౌర్యమే. అప్పుడు ఓడినవాడు తన యోటమిని మాత్రమే గాక దాని నిందను గూడ మోయవలసివచ్చును. 2019 ఏప్రిలులో తెలంగాణ ఇంటర్మీడియేటు ఫలితములలో దోషములు దొరలినవి. తెలుగులో సున్న వచ్చినదని ప్రకటింపబడిన యొక విద్యార్థినికి సరిచూడగా 99 మార్కులని తేలెను. ఆ దినములలో పలువురు పిల్లలు ప్రాణములు తీసికొనిరి. మార్కులపట్టీయే తమ విలువయని, తమ రాతయని ఆ పిల్లలకు నేర్పినదెవరు? ఆ పట్టీని వ్రాసినది మన వంటి మనుష్యుల చేయియని, చేయి తప్పవచ్చునని, తప్పినదానిని దిద్దవచ్చునని, సరియైన మార్కులే తక్కువైనను బ్రదుకు వానికంటె పెద్దదని వారికి ముందుగానే ఎవరైన గట్టిగా చెప్పియుండవలసినది.

విధి యను మాటను ఎవరు పలుకుచున్నారో చూడవలయును. 2025 జూన్ 30వ తేదీన మాకు కూతవేటు దూరముననున్న పాశమైలారమున ఒక ఔషధ కర్మాగారములో ప్రేలుడు సంభవించి నలువదిమందికి పైగా కార్మికులు మరణించిరి. వారిలో పలువురు బ్రదుకుతెరువునకై పరరాష్ట్రములనుండి వచ్చినవారు. భర్తను కోల్పోయిన స్త్రీ ‘నా రాత’ అని యేడ్చినపుడు ఆమెతో వాదించువాడు హృదయములేనివాడు. ఆ మాట ఆమెకు ఆ క్షణమున ఊతకఱ్ఱ. అదే మాటను యంత్రములను కాపాడవలసినవారు, వానిని తనిఖీ చేయవలసినవారు పలికినచో అది ఊతకఱ్ఱ కాదు, తెర. దుఃఖించువాడు తన్ను గుఱించి చెప్పుకొన్నపుడు విధి ఓదార్పు. బాధ్యతగలవాడు ఇతరుని గుఱించి చెప్పినపుడు విధి తప్పించుకొనుట. ఈ భేదమే మేము ఈ వ్యాసమున ముఖ్యముగా చెప్పదలచినది.

ఈ కొలతతో చూచినచో తల్లిదండ్రులకును మాకును ఈ మాట పలుకు నధికారము మిక్కిలి తక్కువ. బిడ్డ చదువును గుఱించి విచారింపక, వాని యిష్టమేమో అడుగక, దరఖాస్తును పరునిచేత నింపించి, పిమ్మట వాని నుదుటిని చూపువాడు తన చేతి వ్రాతను బ్రహ్మకు అంటగట్టుచున్నాడు. తెలిసినదానిని చెప్పక తరగతి దాటించిన ఉపాధ్యాయుడును అట్టివాడే.

కావున చదువరులకు మా విన్నపము పెద్దది కాదు. రాబోవు వేసవిలో దరఖాస్తుల కాలము వచ్చుటకు నెల ముందుగానే బిడ్డను దగ్గర కూర్చుండబెట్టుకొని, ఏ పాఠమును ఎవరును చెప్పకయే చదువుచున్నాడో అడుగుడు. ఆ చదువు చదివినవారిని ఒకరినైనను వెదకి, వానిని వారితో మాటాడనిండు. కళాశాలవఱకు ఒకసారి బస్సులో పోయి రండు. వరుసను ఇంటిలో కాగితముపై బిడ్డచేతనే వ్రాయించి, నెట్ సెంటరులో ఆ కాగితమును మాత్రమే ఎక్కింపుడని చెప్పుడు. ఇంత చేసిన తరువాతను సీటు రాకపోవచ్చును, వచ్చినను చదువు సాగకపోవచ్చును. అప్పుడు బిడ్డ కంటనీరు తుడుచుచు ‘మన చేతిలో లేనిదేదో అడ్డువచ్చినది, రేపు మఱల చూతము’ అని చెప్పుటకు మీకు హక్కు కలుగును. ఆ మాటను బిడ్డ నమ్మును, ఏలయనగా మీ చేతిలోనున్నదంతయు మీరు చేయుట వాడు చూచినాడు.