స్నాతకం తరవాత: చదువు ముగింపు ఉత్సవంపై ఒక విచారణ

విద్యకు అంతం లేదని చెప్పే సంప్రదాయమే, చదువు ముగిసిందని నలుగురి ఎదుట ప్రకటించే సంస్కారాన్ని కూడా విధించింది. ఈ రెండింటికీ పొత్తు ఎలా కుదురుతుందన్న ప్రశ్నను మీమాంసకులు పదిహేను వందల ఏళ్ల కిందటే లేవనెత్తి, ఎంతో పట్టుదలతో చర్చించారు. నేటి విశ్వవిద్యాలయాలు ఏటా జరుపుకొనే ముగింపు ఉత్సవాలకు ఆ చర్చ సూటిగా వర్తిస్తుంది. దాన్ని పరిశీలించడానికి అనంతపురం పీఠభూమి తగిన చోటు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ నేలలో విద్యాసంస్థలకు మాత్రం కరువు రాలేదు. 1916లో దత్తమండలాల కళాశాల, 1946లో ఇంజినీరింగు కళాశాల, 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, అదే ఏడాది నవంబరులో పుట్టపర్తిలో శ్రీ సత్యసాయి ఉన్నత విద్యాసంస్థ, 2008లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడగా, 2018లో కేంద్రీయ విశ్వవిద్యాలయం తరగతులు మొదలయ్యాయి. 2022లో జిల్లా రెండుగా విడిపోయినా, వీటన్నింటినీ పోషించింది పాత అనంతపురం జిల్లా నేలే.

ఈ సంస్థల్లో చదువు ముగింపు ఒక్కసారిగా రాదు. ఎండలు ముదిరే వేసవిలో పరీక్షలూ వీడ్కోలు సభలూ జరుగుతాయి; పట్టాలిచ్చే స్నాతకోత్సవం నెలలు గడిచాక వస్తుంది. పుట్టపర్తి సంస్థ తన స్నాతకోత్సవాన్ని స్థాపనదినమైన నవంబరు 22న జరుపుకొంటుంది. అప్పటికి పీఠభూమిలో వానకారు వేరుసెనగ పంట కళ్లాలకు చేరి ఉంటుంది. ఈ రెండు ఘట్టాల నడుమనున్న ఎడం పాలనాపరమైన జాప్యంగా కనిపించవచ్చు గాని, చదువు ముగియడమూ చదువరి ఇల్లు చేరడమూ ఒకటేనా అన్న పాత చర్చకు కేంద్రం సరిగ్గా ఈ ఎడమే.

ప్రాచీన కాలంలో ఈ ముగింపు సంస్కారానికి సమావర్తనమని పేరు. గురుకులంలో వేదాధ్యయనం పూర్తిచేసిన బ్రహ్మచారి విధిపూర్వకంగా స్నానం చేసి, స్నాతకుడై ఇంటికి మరలే కర్మ ఇది. తెలుగు వైదిక కుటుంబాల్లో అధిక భాగం అనుసరించే ఆపస్తంబ గృహ్యసూత్రం ప్రకారం, స్నానం చేయబోయే విద్యార్థి సూర్యోదయానికి ముందే గోశాలలో ప్రవేశించి, ద్వారాన్ని తోలుతో మూసుకుని, ఆ రోజు తనపై ఎండ పడకుండా కూర్చోవాలి. తరవాత అతనికి క్షౌరం, స్నానం, కొత్త బట్టలు, చందనం, కుండలాలు, పూలమాల, కాటుక, అద్దం, చెప్పులు, గొడుగు, కర్ర వరుసగా లభిస్తాయి. బ్రహ్మచర్య కాలంలో భోగంగా స్నానం చేయడం, గంధమాల్యాలు ధరించడం, గొడుగూ చెప్పులూ వాడడం వంటివి నిషిద్ధాలు కనుక, నిన్నటిదాకా కూడనివన్నీ నేడు విధిగా స్వీకరించడమే ఈ కర్మ స్వరూపమని గ్రహించాలి. కాలక్రమంలో గురుకులాలు అరుదై, ఈ సంస్కారం కుంచించుకుపోయి, తెలుగు బ్రాహ్మణ వివాహాల్లో పెళ్లికి ముందు గంటా రెండు గంటల్లో జరిగే స్నాతకంగా మిగిలింది. వరుడు గొడుగు వేసుకుని, కర్ర పట్టుకుని కాశీయాత్రకు బయలుదేరగా, బావమరిది బెల్లం ముక్క పెట్టి వెనక్కి పిలవడం అందులో అందరూ ఎరిగిన ఘట్టం.

చదువు పూర్తికాగానే స్నానం చేయాలన్న స్మృతివాక్యాన్ని మీమాంసా దర్శనం ఒక అడ్డంకిగా చూసింది. వేదవాక్యాల అర్థాన్ని నిర్ణయించే ఈ శాస్త్రానికి మూలమైన జైమిని సూత్రాలు, అధ్యయనం తరవాత ధర్మాన్ని తెలుసుకోవాలన్న కోరికను ప్రతిపాదిస్తూ మొదలవుతాయి. అధ్యయనమంటే ఇక్కడ గురుముఖంగా వేదాన్ని అక్షరశః కంఠస్థం చేయడం. విచారమంటే ఆ పాఠానికి అర్థమేమిటో యుక్తితో తేల్చుకోవడం. వల్లె వేయడం ముగిసిన మరుక్షణమే స్నానం చేసి ఇంటికి వెళ్లిపోవాలంటే విచారానికి చోటెక్కడన్నది పూర్వపక్షం, అంటే సిద్ధాంతం చెప్పబోయే ముందు శాస్త్రకారుడు తానే ఎత్తి చూపే అభ్యంతరం. భాష్యకారుడైన శబరస్వామి దీనికిచ్చిన సమాధానంలోని తెగువ గమనింపదగినది. అవసరమైతే ఆ స్మృతివాక్యాన్ని అతిక్రమించవలసిందేననీ, అలా చేయకపోతే ప్రయోజనం గల వేదాన్ని నిష్ప్రయోజనం చేసినట్లవుతుందనీ అతడు ప్రకటించాడు. ఆ తరవాత ఆ వాక్యానికే మరో అన్వయం చూపాడు. అందులో స్నానమన్నది ఏదో అదృష్ట ఫలానికి, అంటే కంటికి కనిపించని పుణ్యానికి, విధించినది కాదు. స్నానం చేయకపోవడం మొదలైన బ్రహ్మచారి నియమాలు పాఠంతోపాటు ముగుస్తాయని లక్షణావృత్తితో, అంటే వాచ్యార్థాన్ని దాటి దానికి సంబంధించిన మరో అర్థాన్ని గ్రహించే పద్ధతితో, అది తెలుపుతోంది. కనుక నియమాల నుంచి విడుదల వెంటనే లభించవచ్చు గాని, గురువును విడిచి వెళ్లడం మాత్రం అర్థవిచారం పూర్తయ్యాకనే.

ఈ విభజన వల్ల ఉత్సవానికి కచ్చితమైన విషయం దొరుకుతుంది. చదువు ముగింపును కొనియాడే నేటి ప్రసంగాలు, ఇది ముగింపు కాదు, ఆరంభమని చెప్పడం పరిపాటి. శబరుని దృష్టిలో ఆ మాట రెండు వైపులా తప్పుతుంది. ముగిసినది నిజంగానే ముగిసింది. హాజరు పట్టికలు, పరీక్షలు, వసతిగృహపు కట్టుబాట్లు తొలగిపోవడం వాస్తవమైన విడుదల, దానికి సంతోషించడం న్యాయమే. విచారం ఇప్పుడే ఆరంభమవుతుందనడమూ సరికాదు. అది గురుకులంలో ఉండగానే మొదలు కావలసింది. సంతోషం నియమాల ముగింపుకు చెందుతుంది, బాధ్యత విచారానికి చెందుతుంది; ఒకదాని కోసం రెండోదాన్ని కాదనవలసిన పని లేదు.

శబరుని తరవాత మీమాంసకులు రెండు పాయలుగా చీలినప్పుడు ఈ ప్రశ్న మరింత లోతుకు వెళ్లింది. కనిపించే ఫలం ఉన్నచోట కనిపించని ఫలాన్ని కల్పించరాదన్న న్యాయాన్ని అనుసరించి, అధ్యయనానికి దృష్టఫలం అర్థజ్ఞానమేనని కుమారిలభట్టు సంప్రదాయం నిర్ణయించింది. ప్రభాకరుని సంప్రదాయం మరో దారి తొక్కి, శిష్యుణ్ణి చదువుకు పురికొల్పేది అతనికి చెప్పిన విధి కాదనీ, చదివించి ఆచార్యత్వం పొందమని గురువుకు చెప్పిన విధి అనీ వాదించింది. మొదటి మతంలో విద్య శిష్యుని అవగాహన కోసం, రెండో మతంలో గురువు కర్తవ్యం నెరవేరడం కోసం. ఇస్లామీయ విద్యాలయాల్లో ఒక గ్రంథాన్ని చదివిన శిష్యునికి దాన్ని ఇతరులకు బోధించే అనుమతిగా గురువు ఇచ్చే ఇజాజా కూడా విద్యను వ్యక్తి ఆస్తిగా కాక, చేతులు మారుతూ సాగవలసిన పరంపరగా భావిస్తుంది. పట్టా పుచ్చుకునే రోజున వేదిక మీద అధ్యాపకులు కూడా ఉత్సవవస్త్రాలు ధరించి కూర్చోవడంలోని ఔచిత్యాన్ని ప్రభాకరమతం చక్కగా వివరిస్తుంది. ఆ రోజు పరీక్షకు నిలిచేది వారి బోధన కూడా.

ధర్మసూత్రాలు మరో సూక్ష్మమైన విభాగాన్ని సూచించాయి. విద్య పూర్తిచేసినవాడు విద్యాస్నాతకుడు. విద్య పూర్తికాకున్నా నియమకాలాన్ని నిష్ఠతో గడిపినవాడు వ్రతస్నాతకుడు. రెండూ నెరవేర్చినవాడు విద్యావ్రతస్నాతకుడు. ముగ్గురినీ స్నాతకులుగానే ఆదరించాలంటూనే, వారి శ్రుతాన్ని బట్టి, అంటే విన్న చదువును బట్టి, మనోనిగ్రహాన్ని బట్టి ఆ పూజకు ఫలంలో తేడా ఉంటుందని ఆపస్తంబ ధర్మసూత్రం చెబుతుంది. నేటి విశ్వవిద్యాలయం కొలవగలిగేది మొదటిదాన్నే. రెండోదాన్ని కూడా చదువులో భాగం చేయాలన్న సంకల్పానికి పుట్టపర్తి సంస్థ ఉదాహరణ: అక్కడ బోధనకు రుసుము లేదు, వసతిగృహ జీవితమూ ప్రార్థనా సేవా చదువుతో కలిసి నడుస్తాయి, సంస్థాపకుడైన సత్యసాయి బాబాయే దాని తొలి కులపతి. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణం శాసిస్తున్నందున, ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఈ దారిన పోలేదు. అక్కడ వ్రతమన్నది ఏ మతానికీ చెందని నడవడిగానే, అంటే కాపీ కొట్టని పరీక్షగా, కల్తీలేని పరిశోధనగా, సాటి విద్యార్థిని కులం అడగని స్నేహంగా రూపొందాలి. ఈ రెండో రకం వ్రతం మొదటిదానికన్నా తేలికైనదేమీ కాదు.

ఇంతవరకు చెప్పిన శాస్త్రంలో దాచరాని లోపం ఒకటుంది. ఒక కర్మ చేయడానికి ఎవరు అర్హులన్న నిర్ణయాన్ని మీమాంసకులు అధికారమంటారు. వేదాధ్యయనంలో, కనుక సమావర్తనంలో, శూద్రులకూ స్త్రీలకూ వారు అధికారం ఇవ్వలేదు. 1968లో అనంతపురంలో సత్యసాయి కళాశాల స్త్రీల కోసమే మొదలవడం, ఇంటిలో అక్షరం నేర్చిన మొదటి తరం యువతీయువకులు ఈ జిల్లాలోని విశ్వవిద్యాలయాల్లో పట్టాలు అందుకోవడం ఆ అధికార నిర్ణయాన్ని వాదంతో కాక ఆచరణతో తోసిపుచ్చాయి. తైత్తిరీయ సంహిత బ్రాహ్మణుడు పుట్టుకతో మోసే మూడు రుణాల్లో ఋషుల రుణాన్ని చదువుతో తీర్చాలంటుంది. తాతముత్తాతలకు చదువు దక్కని ఇంటి బిడ్డ విషయంలో ఆ లెక్క తిరగబడుతుంది. అక్కడ రుణపడినది బిడ్డ కాదు, ఇన్ని తరాలు తలుపు మూసిన సమాజమే. ఆ ఇంటివారు స్నాతకోత్సవాన్ని పండుగలా జరుపుకొంటే, దాన్ని ఆడంబరమని కొట్టిపారేసే హక్కు ఎవరికీ లేదు.

ఆడంబరమన్న విమర్శ మాత్రం ఈ నేలకు కొత్త కాదు. కదిరి ప్రాంతంలోని కటారుపల్లె తన సమాధిస్థలంగా ప్రసిద్ధి చెందిన వేమన, లోపలి మార్పు లేని బాహ్యాచారాన్ని జీవితమంతా తూర్పారబట్టాడు. ఆ దృష్టితో చూస్తే ఒంటిమీది ఉత్సవవస్త్రం, చేతిలోని పట్టా, స్నానపు నీరు మూడూ ఒక కోవకే చెందుతాయి. అయితే శబరుడు స్నానానికి అదృష్ట ఫలాన్ని నిరాకరించి, దాన్ని నియమాల ముగింపుకు గుర్తుగా మాత్రమే మిగల్చడం వేమన విమర్శకు దూరం కాదు. గుర్తును గుర్తుగా ఎరిగి వాడుకునేవాడు ఆచారానికి లొంగినవాడు కాడు. తప్పు ఎక్కడంటే, గుర్తే ఫలమనుకోవడంలో, పట్టా వచ్చింది కనుక అర్థం తెలిసిందనుకోవడంలో ఉంది.

అర్థం తెలుసుకోవడమంటే ఏమిటో తైత్తిరీయోపనిషత్తు తన అధ్యాయాల వరుసతోనే చూపుతుంది. గురుకులం విడిచే శిష్యునికి ఆచార్యుడు చేసే అనుశాసనం, అంటే చివరి ఉపదేశం, దాని మొదటి భాగమైన శీక్షావల్లిలో ఉంది. దేశంలోని పలు విశ్వవిద్యాలయాల స్నాతకోత్సవాల్లో నేటికీ దాన్నే పఠిస్తారు. సత్యాన్నీ ధర్మాన్నీ విడవవద్దని, చదవడంలోనూ చదివించడంలోనూ ఏమరవద్దని చెబుతూనే, మాలో ఉన్న మంచి నడవడిని మాత్రమే అనుసరించు, మిగిలినదాన్ని కాదని గురువు తన లోపాలకు కూడా చోటు ఉంచుతాడు. ఉపనిషత్తు అక్కడితో ఆగదు. వీడ్కోలు ఉపదేశం తరవాత మరో రెండు వల్లులున్నాయి. చివరిదైన భృగువల్లిలో భృగువు బ్రహ్మమంటే ఏమిటో చెప్పమని తండ్రి వరుణుణ్ణి అడిగి, తపస్సు చేసి, తనకు తోచిన సమాధానంతో మళ్ళీ వచ్చి, అది చాలదని గ్రహించి తిరిగి తపస్సుకు వెళతాడు. అన్నమని, ప్రాణమని, మనస్సని, విజ్ఞానమని ఒక్కొక్క మెట్టూ దాటి, చివరికి ఆనందమే బ్రహ్మమని తెలుసుకుంటాడు. ఈ వరుసను బట్టి వీడ్కోలు తరవాతి విచారానికి మొదటి అంశం అన్నమే.

మరింత విశేషమేమంటే, ఆనందాన్ని చేరిన పిమ్మట ఉపనిషత్తు అన్నాన్ని వదలలేదు. అన్నాన్ని నిందించవద్దని, పారవేయవద్దని, విస్తారంగా పండించమని వ్రతాలుగా విధిస్తూ, నీటిని కూడా అన్నంగా పేర్కొంది. వానలు తప్పే పీఠభూమిలో ఈ వ్రతాలను అలంకారంగా తీసుకోవడం కుదరదు. బెట్టను తట్టుకునే వేరుసెనగ కోసం కదిరి పరిశోధన కేంద్రం రూపొందించిన కదిరి-6, కదిరి లేపాక్షి వంటి రకాలు చదువుకు దృష్టఫలం ఎలా ఉంటుందో చూపుతాయి. 1990ల నడుమ సత్యసాయి తాగునీటి పథకం జిల్లాలోని ఏడు వందలకు పైగా గ్రామాలకు గొట్టాల ద్వారా నీటిని అందించడమూ ఆ కోవలోనిదే. భూగర్భ జలాల్లో ఫ్లోరైడు ఉన్న చోట ఆ నీటి విలువ వేరే చెప్పనక్కరలేదు. ఇవి పుణ్యం కోసం చేసినవా, అవసరం కోసం చేసినవా అన్న ప్రశ్నకు కుమారిలుని న్యాయమే సమాధానం: ఫలం కళ్లెదుట ఉన్నప్పుడు కనిపించనిదాన్ని వెతకనక్కరలేదు.

ప్రాచీన స్నాతకుడు ఇంటికి మరలేవాడు; అనంతపురం పట్టభద్రుల్లో చాలామంది బెంగళూరుకో హైదరాబాదుకో తరలిపోతారు. పంట చేతికి రాని ఇంటిని నిలబెట్టేది తరచుగా అలా వెళ్లినవారి సంపాదనే కనుక, ఆ వలసను ధర్మలోపమని నిందించడం అన్యాయం. భృగువు తండ్రి వద్దకు మళ్ళీ మళ్ళీ వచ్చింది నివాసం కోసం కాదు, ప్రశ్న కోసం. చదువు నేర్పిన నేల అడిగే ప్రశ్నలను, నీటి గురించి, విత్తనం గురించి, ఎవరికి చదువు అందింది, ఎవరికి అందలేదన్న దాని గురించి, ఎక్కడున్నా విడవకుండా విచారించేవాడు శబరుడు కోరిన అర్థంలో గురుకులంలోనే ఉన్నట్లు లెక్క. అలాంటి చదువరి స్నాతకోత్సవాన్ని ఎంత ఘనంగా జరుపుకొన్నా దోషం లేదు. పట్టాతో ప్రశ్న కూడా ముగిసిందనుకునేవాడు ఆ రోజు ఎంత నిరాడంబరంగా ఉన్నా, అతని చదువు శబరుడు భయపడినట్లే నిష్ప్రయోజనమవుతుంది.